దీపం కొండెక్కేదాకా

నా నోరు మంచిది కాదని అనంతపురంలో ఏ లారీ డ్రైవర్‌ని అడిగినా చెబుతాడు. మూత ఎత్తకుండా ఇంజన్ బాగుందనే మెకానిక్‌ని చెప్పుతో కొట్టాలని పాతికేళ్లుగా నా షెడ్డులో అరుస్తున్నాను. ఆ దెబ్బ మొదట పడాల్సింది నాకే.

నేను సొంత అన్నలా చూసుకునే గోవిందప్పన్న ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు తోలాడు. భార్య హనుమక్కను మాత్రం కదిరి దాటించలేదు. ఆమెది నల్లమాడ పక్క పల్లె. వాన పడిన ఏడు కుంట నిండితే అదే ఆమె చూసిన పెద్ద నీళ్లు. బతికుండగా ఒక్కసారి సముద్రం చూడాలని ఆమె కోరిక.

రిటైరయ్యాక అన్న ఒక పాత డీజిల్ మినీబస్సు కొన్నాడు. సీట్లు పీకించి మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు పెట్టించాడు. అందులోనే వండుకుంటూ, అందులోనే పడుకుంటూ రామేశ్వరం దాకా పోవాలని ఇద్దరి ఆశ. చక్కెర జబ్బు కళ్లకు ఎక్కుతోందని, ఆరు నెలలు దాటితే స్టీరింగ్ పట్టొద్దని డాక్టరు ముందే చెప్పేశాడు.

ఆ బస్సు పనంతా నా షెడ్డులోనే జరిగింది. అందులో ఇంజన్ లోపలే, డ్రైవర్ పక్కనే ఉంటుంది. దాని మీద పెద్ద ఇనుప మూత. ఏ పని చేయాలన్నా దాన్ని ఎత్తాల్సిందే. వదిన సరిగ్గా దాని మీదే దేవుడి పటాలు పెట్టింది.

"ఆడ వద్దు వదినా. మాటిమాటికీ తీయాల్సొస్తాది" అన్నాను.

"బండికి ముందర కాకుంటే దేవుణ్ణి యాడ పెట్టేదప్పా, మంచం కిందనా?" అంది.

ఊరంతటినీ తిట్టే నేను ఆమె దగ్గర నోరు మూసుకుని, చెక్క అర ఒకటి చేసి ఆ మూతకే బిగించాను.

బయలుదేరింది శుక్రవారం పొద్దున. అన్న షెడ్డు ముందు బస్సు ఆపాడు. "తిప్పేషూ, ఇంజన్ వెనకాల నీళ్ల పైపు ఒకటుండాది. నాకు కన్ను ఆనదు. నువ్వు చూసి చెప్తే పోతాం" అన్నాడు.

ఎక్కి చూస్తే మూత మీద దీపం వెలుగుతోంది. ప్రమిద నిండా నూనె.

"దీపం కొండెక్కినాక పటాలు తీస్తాను, రవ్వంతసేపు ఉండప్పా" అంది వదిన.

"నువ్వు పోసిన నూనెకు అది కొండెక్కేలోపల రామేశ్వరమే ఈడికొస్తాది" అన్నాను. ఆమె నవ్వింది.

పది నిమిషాలు ఆగాను. బయట లారీవాడు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. నాకు చిర్రెత్తింది. కిందికి దిగి, బండి కింద నుంచి చూసినట్టు ఒకసారి వంగి లేచి, మరకే లేని చేతులను గుడ్డకు తుడుచుకున్నాను.

"బాగుండాదన్నా, పో" అన్నాను.

మధ్యాహ్నం అన్న ఫోన్ చేశాడు. చిలమత్తూరు దాటకముందే బండి ఆగిపోయిందట. పోయి చూశాను. దీపం ఎప్పుడో ఆరిపోయింది. పటాలు దించి, మూత ఎత్తాను. వెనక పైపు పగిలి నీళ్లన్నీ కారిపోయాయి. వేడికి ఇంజన్ బిగుసుకుని పట్టేసింది. పైపు మీద పాత బీటలు ఎన్నో ఉన్నాయి. ఆ పొద్దున ఒక్క నిమిషం చూసినా కనిపించేవి.

"రవ్వంత కాలిన వాసనొచ్చిందిరా, అగరుబత్తి అనుకుంటి" అన్నాడు అన్న.

ఆ పాత ఇంజన్‌కు సామాన్ల కోసం తిరగని ఊరు లేదు. ఆరు నెలలు అట్లే గడిచిపోయాయి. అన్న స్టీరింగ్ వదిలేశాడు. బస్సు ఇప్పటికీ నా షెడ్డు వెనకే ఉంది.

మొన్న వాళ్లింటికి పోయాను. "రైల్లో పోదాం వదినా. ఇద్దరినీ నేనే తీసకపోతా" అన్నాను.

"వద్దులేప్పా. వేరే ఎవురన్నా చూసింటే చూపు తప్పిందేమో అనుకుందును. నువ్వు చూసి బాగుండాదని పంపినాక కూడా ఆగిపాయ. అంటే నేను రావడం ఆ స్వామికి ఇష్టం లేదు. వద్దన్నచోటికి ఎట్ల పోయేది?" అంది.

నేను మూత ఎత్తలేదు, ఆ పైపు చూడనేలేదు వదినా. ఈ ఒక్క మాట చెబితే ఆమె రేపే రైలెక్కుతుంది. పక్కన అన్న కూర్చుని, నా ముఖం ఉన్నదనుకున్న వైపు చూస్తూ నవ్వుతున్నాడు.

వదిన టీ తెచ్చి చేతికిచ్చింది. తాగి వచ్చేశాను.