రెండో డంప్‌స్టర్

లొరైన్ ఊళ్లో ముప్పై ఒక్క ఏళ్లు ఉత్తరాలు పంచి రిటైరైనవాణ్ణి నేను. మా ముప్పై ఎనిమిదో వీధిలో ఎవరింటికి ఎక్కణ్ణుంచి ఉత్తరం వస్తుందో చెప్పగలను. కానీ పక్కింటి మార్లీన్ హోవనెట్స్ గుమ్మం లోపల ఏముందో మాత్రం మొన్న జూన్ దాకా నాకూ తెలియదు. ఆమె భర్త ఎమిల్ ఎవర్నీ వరండా దాటనిచ్చేవాడు కాదు.

ఎమిల్ ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేశాడు. మంచివాడే. మంచు పడితే సగం వీధికి తనే దారి తీసి పెట్టేవాడు. కాకపోతే చెత్తబండి వచ్చే రోజున బండికంటే ముందే వీధులన్నీ చుట్టి, జనం బయట పెట్టినవన్నీ ఇంటికి మోసుకొచ్చేవాడు. మూడు కాళ్ల కుర్చీలు, మోగని రేడియోలు, పిడి ఊడిన కాఫీ మిషన్లు. "ఏదో ఒక రోజు పనికొస్తుంది" అనేవాడు. ఆ రోజు రాకుండానే ఫిబ్రవరిలో గుండె ఆగి పోయాడు.

మార్లీన్ బడి వంటశాలలో పనిచేసేది. బడికి వేసవి సెలవులు ఇచ్చిన మర్నాడే వాళ్ల ఇంటి ముందుకు ట్రక్కు వచ్చింది. విల్‌ఫ్రెడో అనే డ్రైవరు నేల పగలకుండా చెక్కలు పరిచి, వాటిమీదకి పాత సామాను పారెయ్యడానికి అద్దెకిచ్చే మధ్యరకం డంప్‌స్టర్‌ని మెల్లగా దింపాడు. ఇనప గోడలు నా గడ్డం దాకా వచ్చాయి. వెనక గేటులాంటి తలుపు.

"టైర్లు, పెయింటు డబ్బాలు, ఫ్రిజ్‌లు వెయ్యకూడదమ్మా. అంచు దాటి పోగెయ్యకూడదు. వారం తర్వాత వచ్చి పట్టుకెళ్తా" అన్నాడు.

"సరే బాబూ" అని మార్లీన్ అప్పటికప్పుడే చేతికి తొడుగులు వేసుకుంది.

నేను సాయానికి వెళ్లాను. ఆమె లోపల్నుంచి అందిస్తుంది, నేను గుమ్మం దగ్గర అందుకుని మోసుకెళ్లి వేస్తాను. అదీ ఒప్పందం. లోపలికి రానివ్వలేదు.

"వాకిట్లో అమ్మకానికి పెట్టకపోయావా? నాలుగు డాలర్లు వచ్చేవి" అన్నాను.

"పెడితే ఊరంతా వచ్చి, పాపం మార్లీన్ అనుకుంటూ పోతారు. నాకు ఆ పాపం అక్కర్లేదు హార్లాన్. పట్టుకో, ఇది బరువు."

రెండు రోజులు అలా గడిచాయి. శుక్రవారం పొద్దున పక్క ఊరు ఎలీరియా నుంచి ఎమిల్ అక్క రోజలీ వచ్చింది. డెబ్బై రెండేళ్ల మనిషి. తల్లి పోయినప్పుడు ఎమిల్‌కి ఆరేళ్లయితే రోజలీకి పదకొండు. అన్నం పెట్టి, బూట్ల తాళ్లు కట్టి వాణ్ణి పెంచింది ఆవిడే. పెళ్లి చేసుకోలేదు. ఎవరు చెప్పారో ఏమో, కారు తలుపు కూడా వెయ్యకుండా నేరుగా డంప్‌స్టర్ దగ్గరకి వెళ్లి లోపలికి చూసింది.

"ఎంత ధైర్యమే నీకు! మనిషి పోయి నాలుగు నెలలు కాలేదు, అప్పుడే ఊడ్చిపారేస్తున్నావా?"

"ఊడవడం ఇంకా మొదలుపెట్టలేదు వదినా. నేల కనిపిస్తేగా ఊడవడానికి!"

"ఇదంతా నా తమ్ముడి జీవితం!"

మార్లీన్ చేతిలో ఉన్న పెట్టెను కింద పెట్టలేదు. "మీ తమ్ముడి జీవితం అదిగో, దొరికింది. నాది ఏ మూట కింద ఉందో కాస్త వెతికి పెట్టండి" అని ఆ పెట్టెను ఆవిడ భుజం పక్కనుంచే లోపలికి విసిరింది.

రోజలీ వెనక తలుపు తీసుకుని డంప్‌స్టర్‌లోకి ఎక్కింది. ఎమిల్ తెచ్చిన కుర్చీల్లో ఉన్నంతలో నయమైనదాన్ని లాగి, దానిమీద కూర్చుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుంది.

"నేను దిగను. ఎలా తీసుకెళ్తారో చూస్తా."

రెండు గంటల్లో విసుగుపుట్టి దిగిపోతుందనుకున్నాను. ఆవిడ సాయంత్రం ఆరు దాకా కూర్చుంది. మర్నాడు ఎనిమిదికల్లా ఫ్లాస్కులో కాఫీ, ఒక గొడుగు, ఇంట్లో చేసిన అక్రోటు రొట్టె పట్టుకుని మళ్లీ ఎక్కింది. ఆదివారం చర్చి అయ్యాక టోపీతో సహా వచ్చింది. మార్లీన్ ముందు వైపునుంచి వేస్తుంటే, ఆవిడ చేతికందినవి వెనకనుంచి పచ్చిక మీదకి గిరాటు పెట్టేది. ఒకే కాఫీ మిషన్ సోమవారం మూడుసార్లు లోపలికీ బయటికీ తిరిగింది. అవసరమైతే మా ఇంటి బాత్‌రూముకి వచ్చేది. వెళ్లేటప్పుడు నాకో రొట్టె ముక్క ఇచ్చి, "నువ్వూ దాని పక్షమే, సిగ్గులేదు" అనేది. రొట్టె మాత్రం బాగుండేది.

బుధవారం విల్‌ఫ్రెడో ట్రక్కు తెచ్చాడు. డంప్‌స్టర్ అంచుదాకా నిండింది. దాని నడిమధ్య గొడుగు వేసుకుని రోజలీ.

"అమ్మా, మనిషి ఉండగా ఎత్తకూడదు. నా ఉద్యోగం పోతుంది" అన్నాడతను.

"పోలీసుల్ని పిలవమను! పేపర్లో పడనీ! మొగుడు పోయాక ఆడపడుచుని చెత్తతో పాటు పంపించిందని రాయనీ!" అంది రోజలీ పైనుంచి.

అందరం మార్లీన్ వైపు చూశాం. ఆమె ముంజేయి దుమ్ముతో నల్లగా ఉంది. దాంతోనే నుదురు తుడుచుకుంది.

"విల్‌ఫ్రెడో, ఇది ఇక్కడే ఉండనీ. ఇంకో వారం అద్దె నా పేరు మీదే రాసుకో. ఇలాంటిదే ఇంకోటి తీసుకురా."

"ఎక్కడ పెట్టనమ్మా? జాగా లేదుగా."

"ఇదిగో, ఈ పచ్చిక మీద."

"మార్లీన్, పచ్చిక నాశనమవుతుంది" అన్నాను నేను.

"పచ్చిక మళ్లీ మొలుస్తుంది హార్లాన్. నేను మొలవను." ఆమె తల పైకెత్తింది. "వదినా, మీకు ఎన్నాళ్లు కూర్చోవాలనుందో అన్నాళ్లు కూర్చోండి. ఎండాకాలమంతా కూర్చోండి. నేను పోలీసుల్నీ పిలవను, మిమ్మల్ని దిగమనీ అడగను. నా పని మాత్రం ఆగదు."

మధ్యాహ్నానికల్లా రెండోది వచ్చింది. రోజలీ కూర్చున్నచోటికి పదడుగుల దూరంలో, ఆవిడ చెయ్యి అందనంత దూరంలో దింపించింది మార్లీన్. ఆ సాయంత్రానికే అది పావువంతు నిండింది. రోజలీ చూస్తూ కూర్చుంది. తిట్టడం మాత్రం ఆపింది.

గురువారం ఊరి పక్క సరస్సు మీదనుంచి వాన దిగింది. ముందుగది సగం ఖాళీ కావడంతో మార్లీన్ మొదటిసారి నన్ను లోపలికి రమ్మంది. ఇద్దరం ఒక సోఫాని తలుపులోంచి ఎలా తిప్పాలా అని చూస్తుండగా గుమ్మంలో రోజలీ కనబడింది. టోపీ నుంచి నీళ్లు కారుతున్నాయి.

"హార్లాన్ ఇంటికి తాళం వేసుంది" అంది. నా తప్పే. తాళంచెవి కోసం జేబులో చెయ్యిపెట్టాను.

"అంతదూరం ఆగలేను" అంది ఆవిడ, ఎటో చూస్తూ.

మార్లీన్ పక్కకి జరిగింది. "నడవా చివర. కుడివైపు మూటలకి తగలకుండా నడవండి, మీదపడతాయి."

రోజలీ తమ్ముడి ఇంట్లోకి అడుగుపెట్టి ఇరవై ఏళ్లు దాటిందట. ఆ నడవాలో అడ్డంగా తిరిగి, భుజం ముందుపెట్టి వెళ్లాలి. ఆవిడ అలాగే వెళ్లింది. తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది.

"స్నానాల తొట్టినిండా రేడియోలున్నాయి" అంది.

"ఉన్నాయి."

"షవరు దాకా ఉన్నాయి. మరి నువ్వు స్నానం ఎక్కడ..."

"బడిలో. వంటవాళ్లకి ఒక షవరు ఉంది. అందుకే తెల్లవారకముందే వెళ్లేదాన్ని."

"సెలవుల్లోనో?"

"వంటింటి సింకులో, గుడ్డ తడుపుకుని."

"ఎన్నాళ్లనుంచి?"

"తొమ్మిదేళ్లు." మార్లీన్ గొంతు పెరగలేదు. "జాలిపడకండి. మీరు జాలిపడాలని కాదు ఇవాళ రానిచ్చింది. మీకు అవసరమై వచ్చారు, అంతే."

"నేనెందుకు జాలిపడతానే? నోరుమూసుకుని పడున్నందుకు నిన్ను తన్నాలనుంది. ఒక్క మాట చెప్పుంటే వాడి చెవి మెలిపెట్టేదాన్ని కాదా!"

"చెబితే నమ్మేవారా?"

రోజలీ టోపీ తీసి నా చేతిలో పెట్టింది. మళ్లీ నడవాలోకి వెళ్లింది. కాసేపటికి ఒక పెద్ద రేడియోని కడుపుకి ఆనించుకుని వచ్చి, మార్లీన్ ముందు నిలబడింది.

"ఇది పనిచేస్తుందా?"

"ఒక్కటీ పనిచెయ్యదు."

ఆవిడ వానలోకి నడిచి దాన్ని రెండో డంప్‌స్టర్‌లోకి విసిరింది. అంచుకి తగిలి వెనక్కి పడింది. బూతు మాట ఒకటి అని, మళ్లీ ఎత్తి విసిరింది. ఈసారి లోపల పడింది.

వాళ్లేమీ వాటేసుకోలేదు. క్షమాపణలు లేవు. ఆ రోజు నలభై ఏడు రేడియోలు మోశాం. ప్రతిదానికీ ఇద్దరూ కీచులాడుకుంటూనే ఉన్నారు. ఎమిల్ ఫ్యాక్టరీ హెల్మెట్ దొరికితే రోజలీ అడక్కుండా తన కారులో పెట్టుకుంది. మార్లీన్ చూసి ఊరుకుంది. మర్నాడు మార్లీన్ ఫోన్ చేస్తే విల్‌ఫ్రెడో వచ్చి మొదటి డంప్‌స్టర్‌ని ఎత్తుకెళ్తుంటే రోజలీ వీధి మలుపుదాకా దానివెనకే నడిచి, అక్కడ నిలబడి, చాలాసేపటికి గానీ వెనక్కి రాలేదు. రాగానే, "ఆ వెనకగది సంగతేంటి?" అంది మార్లీన్‌తో.

తొట్టి కింద నేల కుళ్లిపోయింది. కొత్త పలకలు వెయ్యడానికి, తుప్పుపట్టిన కుళాయి మార్చడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. పని అయిన రోజు మధ్యాహ్నం రెండింటికి, ఎండ కాస్తుండగా, మార్లీన్ మమ్మల్నిద్దర్నీ వరండాలోకి పంపి తలుపు గడియ పెట్టుకుంది. నీళ్లు పడుతున్న చప్పుడు కిటికీలోంచి వినిపించింది. నాలుగయ్యింది. చప్పుడు ఆగుతుంది, మళ్లీ వేణ్ణీళ్ల కుళాయి తిప్పుతుంది.

రోజలీ లేచి కిటికీ దగ్గరకి వెళ్లింది. "ఏమే, బతికే ఉన్నావా? చేతులు ముడతలు పడిపోతాయి!"

"పడనివ్వండి!" అని లోపల్నుంచి కేక వచ్చింది. "మీ ఇద్దరికీ ఇళ్లూ వాకిళ్లూ లేవా? పొండి!"

మేం వెళ్లలేదు. ఆమె కూడా ఐదున్నర దాకా బయటికి రాలేదు.