రాజీ గ్లాసు

క్రేటు మాత్రం కింద పడలేదు. మారూచ్ లారీ మీది నుంచి దాన్ని అందుకుంటుండగా ఎడమ మణికట్టులో ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడైంది. అయినా పిల్ల క్రేటును గుండెకు ఆనించుకుని, మోకాళ్ళ మీద వంగి, మెల్లగా నేల మీద పెట్టింది. ఒక్క గాజు సీసా కూడా పగల్లేదు. పగిలితే వారం కూలిలో కోస్తారు. ఆ తర్వాతే తన చేతి వంక చూసుకుంది. మణికట్టు పక్కకు తిరిగిపోయి ఉంది.

డిపో ఆవరణలో ఖాళీ సీసాలు ఏరుతున్న లోషా కూతుర్ని అక్కణ్ణుంచే చూసింది. పరుగెత్తలేదు. చేతిలో సీసాను దాని గూట్లో పెట్టి, నల్లటి ఉన్ని పరికిణీకి చేతులు తుడుచుకుని నడిచి వచ్చింది. పదిహేడేళ్ళ పిల్లకి ఇది రెండోసారి. నిరుడు వానల్లో ఇంటిముందు బురదలో జారితే కుడిచెయ్యి విరిగింది. జారి పడితే విరగదా అని అందరూ సర్దిచెప్పారు. క్రేటు అందుకుంటే విరిగినదానికి ఏం చెప్పాలో ఎవరికీ తోచలేదు.

"నొప్పిగా ఉందా?"

"తెలీట్లేదమ్మా. మొద్దుబారిపోయింది."

గదిలోంచి షాలిక్ బయటికి వచ్చాడు. డిపో ఆయనదే. "ఏవైంది? సీసాలేవన్నా పోయినాయా?"

"సీసాలు పోలేదు. చెయ్యి పోయింది" అంది లోషా.

ఆ కొండల్లో కూల్‌డ్రింకు అంటే షాలిక్, షాలిక్ అంటే కూల్‌డ్రింకు. పెళ్ళి అడగాలన్నా, చావుకు కూర్చోవాలన్నా, దేవుడికి దణ్ణం పెట్టాలన్నా, తగవు తీర్చాలన్నా గ్లాసు తిరగాల్సిందే. వెనకటి తరం ఇదంతా సారాతో నడిపించింది. సారా కొంపలు ముంచుతోందని కొందరు మంచివాళ్ళు పూనుకుని, దాని చోట సీసాలు తెచ్చి పెట్టారు. తాగి వచ్చి అమ్మను జుట్టు పట్టి ఈడ్చిన తండ్రిని చూస్తూ పెరిగిన లోషా ఆ మంచివాళ్ళకు మనసులో ఎన్నిసార్లు మొక్కుకుందో. వాళ్ళు నిజంగానే మంచి చేశారు. అయితే సారా పోయిన ఖాళీలోకి ఏం వచ్చి కూర్చుందో చూసేంత తీరిక ఎవరికుంది? షాలిక్‌కి ఉంది. డిపో పెట్టాడు.

పట్నంలో, శాన్ క్రిస్తోబల్ ఆసుపత్రిలో డాక్టరమ్మ వయసులో చిన్నదే. ఎక్స్‌రేను వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది. ఆమె మాట్లాడే స్పానిష్ లోషాకు సగమే అర్థమవుతుంది. అందుకని తన ఎముకల సంగతి తల్లికి తనే చెప్పుకోవలసి వచ్చింది మారూచ్‌కి. సంతలో బేరం చెప్పినట్టు, మొహంలో ఏమీ లేకుండా చెప్పింది.

"నా ఎముకలు ముసలమ్మ ఎముకల్లా ఉన్నాయంటమ్మా. లోపల గుల్లగా ఉన్నాయంట."

"ఎందుకట?"

"ఏం తాగుతావని అడుగుతోంది."

తల్లి జవాబు చెప్పేవరకు ఆగకుండా డాక్టరమ్మకు తనే చెప్పేసింది పిల్ల. పొద్దున లేచి ఒకటి. డిపోలో దాహమైనప్పుడల్లా ఒకటి, అక్కడ వాటికి లెక్క లేదు. రాత్రికి ఒకటి. పాలా? పాలెక్కడివి? రొట్టెలు తింటావా అని అడిగింది డాక్టరమ్మ, సున్నపు నీళ్ళలో మొక్కజొన్న ఉడికించి చేస్తారే, ఆ రొట్టెలు. సీసా తాగాక ఆకలుండదని చెప్పింది మారూచ్.

డాక్టరమ్మ నిట్టూర్చి నెమ్మదిగా ఏదో చెప్పింది. మారూచ్ మధ్యమధ్య ఆగి చెప్పుకొచ్చింది. "ఇది తాగినందుకే విరిగిందని గట్టిగా చెప్పలేనంటోంది. పెద్ద పెద్దవాళ్ళు దాని మీద ఇంకా వాదించుకుంటున్నారంట. కానీ ఇది కడుపు నింపేస్తే ఎముకకి కావలసిన తిండికి చోటు లేకుండా పోతదంట. ఎముకకి ఏం పెట్టుకున్నా ఇరవయ్యేళ్ళ లోపే పెట్టుకోవాలంట. ఆ తర్వాత ఉన్నది ఖర్చవడమేనంట." కుడిచేతి వేళ్ళ మీద లెక్కేసి, "నాకింకా మూడేళ్ళుంది కదమ్మా" అంది.

లోషా తలూపింది. ఏడుపు రావలసిన చోట ఏమీ రాలేదు. పిల్ల చేతికి వేస్తున్న సిమెంటు కట్టు తెల్లగా ఉందని, తొందరగా మాసిపోతుందని మాత్రం అనుకుంది.

తిరుగు వ్యానులో కిటికీ పక్కన కూర్చున్నాక డాక్టరమ్మ వేసిన ఇంకో ప్రశ్న గుర్తొచ్చింది. ఎప్పటినుంచి తాగుతోంది? మారూచ్ ఆ ప్రశ్నను చెప్పింది గానీ, లోషా నీళ్ళు నమిలి ఊరుకుంది.

ఎప్పటినుంచంటే, పళ్ళు రాకముందు నుంచి. ఆ కొండల్లో ఇచ్చిన గ్లాసును కాదనకూడదు. కడుపు పట్టకపోతే ఒక మర్యాద ఉంది: ప్రతి ఆడదీ శాలువా కింద చిన్న డబ్బా, గరాటు పెట్టుకుని వస్తుంది. పెదాలు తడిపి మిగతాది అందులో వంపుకుని ఇంటికి తెచ్చుకుంటుంది. ఎవరూ తప్పు పట్టరు. లోషాకు గ్యాసు పడదు, అందుకని అందరికంటే నిండుగా ఆమె డబ్బానే ఇల్లు చేరేది. అప్పుడు మారూచ్ చంటిది. మళ్ళీ కడుపు రావడంతో లోషాకు పాలింకిపోయాయి. కుళాయి దానికి బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది. కొట్లో మంచినీళ్ళ సీసా ధర, కూల్‌డ్రింకు సీసా ధర ఒక్కటే. అదే డబ్బుకి రంగూ తీపీ వస్తుంటే వట్టి నీళ్ళు కొనే తల్లి ఎవరు? డబ్బాలోది పాలసీసాలో పోసి నోట్లో పెట్టేది. పిల్ల టక్కున ఏడుపు మానేది. అందరికీ దక్కని పండగ సరుకు తన బిడ్డకు రోజూ దక్కుతోందని లోషా మురిసిపోయింది కూడా. ముందు పాలపళ్ళు నల్లబడి పుచ్చిపోయాయి. పాలపళ్ళేగా, మళ్ళీ వస్తాయని నవ్వుకున్నారు.

ఆ కడుపు నిలవలేదు. మారూచ్ ఒక్కతే మిగిలింది.

ఇంటికి వచ్చేసరికి నేలంతా పచ్చటి పైన్ ఆకు పరిచి ఉంది. అత్త పాష్కు కొవ్వొత్తులు వరసగా నిలబెడుతోంది. చుట్టుపక్కల జబ్బులన్నిటికీ ఆవిడే మంత్రం వేస్తుంది. మనవరాలికి వెయ్యకుండా ఉంటుందా?

"రావే తల్లీ, ఇలా కూర్చో. నీ ప్రాణం ఆ డిపో రాళ్ళ మధ్య జారి పడిపోయుంటది. పిలిచి తెచ్చుకుందాం" అంటూ మనవరాలి తల నిమిరింది.

లోషా భర్త ఆంతున్ ఆమెను పొయ్యి దగ్గరికి పిలిచాడు. "షాలిక్ అన్న వస్తానని కబురు పెట్టాడు. తనే వస్తున్నాడు, మనిషిని పంపట్లేదు."

"ఎందుకు?"

"ఎందుకేంటే? రాజీకి. ఆసుపత్రి ఖర్చు పెట్టుకున్నాడుగా."

"గ్లాసు తాగేశాక ఇంకేం అడగడానికుండదు. పెద్దల ముందు నోరెత్తడానికి కూడా ఉండదు."

"ఏం అడుగుతావ్? చెప్పు, ఏం అడుగుతావ్ ఆయన్ని?" ఆంతున్ గొంతు తగ్గించాడు. "శాన్ సెబాస్త్యన్ దేవుడి కొలువు కోసం పన్నెండేళ్ళ నుంచి పడిగాపులు కాస్తున్నా. వచ్చే ఏడు నాకని ఆయన అన్నాడు. ఇప్పుడు ఎదురు తిరిగితే మన మొహం ఎవడు చూస్తాడు?"

ఆంతున్ చెడ్డవాడు కాదు. పెళ్ళాం మీద చెయ్యెత్తలేదు, సారా ముట్టలేదు. ఏడాది పాటు దేవుడి గుడ్డలు ఉతికి, దేవుడికి ధూపం వేసి, నలుగురిలో పెద్దమనిషినని అనిపించుకోవాలన్నది ఒక్కటే ఆయన ఆశ. ఆ ఆశ తాళంచెవి షాలిక్ మొలలో ఉంది.

లోషా గది మూలకి నడిచింది. నీళ్ళ కుండ మూత తీసి చూసింది. అడుగున మడ్డి. నాలుగు రోజులుగా కుళాయి రాలేదు, నీళ్ళ బండి రేపొస్తుందంటున్నారు. మూత పెట్టేసింది.

షాలిక్ వచ్చాడు. వెనక ఇద్దరు మనుషులు రెండు క్రేట్లు మోసుకొచ్చి గుమ్మం లోపల దింపి వెళ్ళిపోయారు. ఆయన టోపీ తీసి పాష్కు ముందు తల వంచాడు, పాష్కు ఆయన నుదురు తాకింది. అన్నీ పద్ధతిగా జరిగాయి. మారూచ్ పక్కన కూర్చుని కట్టు మీద వేలితో తట్టి చూశాడు.

"గట్టిగా వేశారే. ఏమ్మా పిల్లా, నీ చేతికంటే ఈ కట్టే బాగుంది" అని నవ్వాడు. మారూచ్ కూడా నవ్వింది, పెద్దాయన నవ్వాడు కాబట్టి.

"చూడు ఆంతున్, చూడు చెల్లెమ్మా. నా వాకిట్లో జరిగింది. నాకు బాధ లేదా? ఎముకలతుక్కున్నాక పిల్ల మళ్ళీ పనిలోకి రావచ్చు. లారీ కాడ కాదు, కొట్లో. చిన్న క్రేట్లే ఎత్తొచ్చు. వారానికో క్రేటు ఇంటికి పంపిస్తా, ఊరికే. బిడ్డకి బలం పట్టాలిగా. మనసులో ఏమన్నా ఉంటే ఈ గ్లాసుతో కడిగేసుకుందాం."

ఒకే గ్లాసు. పోసేది ఇంటి మగవాడు. పెద్దవాళ్ళ నుంచి చిన్నవాళ్ళకు వరస, ముందు మగవాళ్ళు, తర్వాత ఆడవాళ్ళు. ఇవాళ మంత్రం వేసేది కాబట్టి అందరికంటే ముందు పాష్కు. ఒకరు తాగి ఖాళీ చేసి ఇస్తేగానీ ఇంకొకరికి పోయకూడదు. ఆంతున్ మూత తీశాడు. పాష్కు మంత్రం చదువుతూ తాగి గట్టిగా త్రేన్చింది. ఆ గాలితో పాటు మనవరాలి కీడు బయటికి పోవాలి. షాలిక్ తాగాడు. ఆంతున్ తాగాడు. మళ్ళీ నింపి లోషా ముందుకు చాచాడు. ఆమె తర్వాత మిగిలింది మారూచ్ ఒక్కతే.

లోషా గ్లాసు వంక చూసింది. నలభై ఏళ్ళలో ఇచ్చిన గ్లాసును ఆమె ఎన్నడూ కాదనలేదు. ఎలా కాదనాలో కూడా ఆమెకు తెలియదు. ఆ మాట ఆ కొండల్లో ఎవరి నోటా వినలేదు. కోపంగా ఉందా అంటే లేదు. ఒళ్ళంతా ఆ కట్టులాగే బిగుసుకుపోయి ఉంది. చెయ్యి దానంతటదే లేచి, గ్లాసు నోటి మీద అరచెయ్యి మూతలా పడింది.

"ఏంటే అది?" అన్నాడు ఆంతున్.

"తాగను."

పాష్కు మంత్రం ఆపింది. కోడలికి మర్యాద దక్కించాలని డబ్బా, గరాటు ఆమె ఒళ్ళోకి తోసింది. "కడుపులో బాలేదేమో దానికి. అందులో వంపుకోవే, సరిపోద్ది. ఎవరేమంటారు?"

లోషా డబ్బాను ఒళ్ళోంచి తీసి నేల మీద పెట్టింది. "అందులోనూ వద్దత్తా. అందులోది తెచ్చి పోసే ఈ పిల్లని పెంచాను."

"చెల్లెమ్మా" అన్నాడు షాలిక్, నవ్వు చెరగకుండా. "నీకేం కావాలో చెప్పు. ఇద్దాం."

"నాకేం వద్దు. నా పిల్ల నీ క్రేట్లు ఎత్తదు. నా పిల్ల ఇది తాగదు. అంతే." గొంతు పెంచలేదు. కూరలో ఉప్పు సరిపోయిందన్నట్టు చెప్పింది.

"అంటే నామీద తగవు నిలబెడతావన్నమాట."

"నిలబడితే నిలబడనీ."

షాలిక్ ఆంతున్ వంక చూశాడు. ఆంతున్ భార్య వంక చూశాడు. "లోషా, చెయ్యి తియ్" అన్నాడు. తర్వాత, "తియ్యవే, నీకు దణ్ణం పెడతా" అన్నాడు. గ్లాసు వెనక్కి తీసుకోవడానికి లేదు, పారబొయ్యడానికి లేదు, లోషాను దాటించి ముందుకు పోవడానికీ లేదు. అంత పద్ధతి గల మనిషి ఆ పద్ధతిలోనే ఇరుక్కుని, నేల మీద మోకాలు ఆన్చి చెయ్యి చాచి ఉండిపోయాడు. ఆయన మీద లోషాకు జాలేసింది. ఆ రోజు ఆమెకు తెలిసిన మొదటి బాధ అదే.

కొవ్వొత్తుల వేడికి గది ఉక్కపోసింది. పొద్దున డిపోలో తాగింది తప్ప మారూచ్ ఇంకేమీ తాగలేదు. తల్లి వేళ్ళ సందుల్లోంచి కనిపిస్తున్న నల్లటి నీళ్ళ వంక చూస్తూ పొడిబారిన పెదాలు తడుపుకుంది.

"అమ్మా, దాహమేస్తోంది" అంది.

ఆంతున్ గ్లాసు చాచే ఉన్నాడు. లోషా అరచేతి కింద గ్యాసు బుడగలు ఒక్కొక్కటే తగిలి పగులుతున్నాయి. ఆమె చెయ్యి తియ్యలేదు.