వెర్లీన్ సత్తు గిన్నె

అమ్మమ్మ పోయిన అయిదో వారంలో, జూలై ఎండల్లో, చిన్నమ్మమ్మ ఒడెస్సా నా కారు వెనక సీటు మీద మూడు గిన్నెలు సర్దించింది. అంత్యక్రియల రోజున వంట చేసుకొచ్చినవాళ్ళ గిన్నెలవి. మిసిసిపీలో మా ఊరివాళ్ళవి ఎప్పుడో ఇచ్చేశాం. ఇవి దూరం నుంచి వచ్చినవాళ్ళవి. అలబామాలో బ్యూఫర్డ్ మావయ్యది ఒకటి, టెనెసీలో ఇమోజిన్ పిన్నిది ఒకటి, జార్జియాలో ఉండే అమ్మమ్మ పాత స్నేహితురాలు మిస్ వెర్లీన్‌ది ఒకటి.

"ఏదీ ఖాళీగా లేదు కదా?" అంది చిన్నమ్మమ్మ, సీటు బెల్టు లాక్కుంటూ. "ఖాళీ గిన్నె చేతిలో పెట్టామంటే ఇక మా గడప తొక్కొద్దని చెప్పినట్టే."

"లేదు. వెర్లీన్ గారి దాంట్లో కేకు చేసి పెట్టాను."

"ఏదీ, చూపించు."

"టవల్లో గట్టిగా చుట్టేశాను చిన్నమ్మమ్మా. విప్పితే ఆరిపోతుంది."

ఆ టవల్లో ఉన్నది వెర్లీన్ గిన్నె కాదు. శనివారం నేను కొన్న కొత్త గిన్నె.

అంత్యక్రియల రోజు మధ్యాహ్నం నేను పనిచేసే పళ్ళ డాక్టరు ఆఫీసు నుంచి నలుగురు అమ్మాయిలు వచ్చారు. బల్ల మీద గాజు గిన్నెలు, పింగాణీ పళ్ళేలు వరసగా ఉన్నాయి. వాటి మధ్య నలుచదరంగా ఉన్న ఒక సత్తు గిన్నె కనిపించింది. సొట్టలు పడింది, మూలలు నల్లబడ్డాయి, ఒక వైపు పిడికి తీగ చుట్టి ఉంది. లోపల పీచ్ పండ్ల మీద పిండి పరిచి కాల్చిన కాబ్లర్. దూరం నుంచి వచ్చిందేమో, పైన పిండి పొర కుంగిపోయింది. ఆ అమ్మాయిల్లో ఒకతె దాన్ని చూసి నవ్వు ఆపుకుంది. నేను దాన్ని ఎత్తుకుని వెనక వరండాలోకి వెళ్ళి, గిన్నెతో సహా చెత్త సంచిలో వేశాను. రుచైనా చూడలేదు.

సాయంత్రం వెర్లీన్ వెళ్తూ నా చెయ్యి పట్టుకుని, "కాబ్లర్ ఎవరైనా తిన్నారామ్మా?" అని అడిగింది.

"ఒక్క ముక్క కూడా మిగల్లేదండీ," అన్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది.

మొదటి మజిలీలో బ్యూఫర్డ్ మావయ్య గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. "ఈ పిల్ల నడిపితే మీరు క్రిస్మస్‌కి చేరతారనుకున్నా!" అన్నాడు.

"ఆ రోజు నీ పెళ్ళాం వండిచ్చింది దారిలోనే నువ్వు నాకేస్తావని మేమూ భయపడ్డాంలే," అంది చిన్నమ్మమ్మ. ఆయన గిన్నెలో చిన్నమ్మమ్మ పెట్టిన ఊరగాయ సీసా ఉంది. అది తీసుకుని, మా ఒడిలో బుట్టెడు టమాటాలు పోశాడు. టెనెసీలో ఇమోజిన్ పిన్ని భోజనం పెట్టి గానీ వదల్లేదు.

టెనెసీ దాటాక కొండల్లో రోడ్డు వంపులు తిరుగుతుంటే చిన్నమ్మమ్మ హుషారుగా మాట్లాడుతూనే ఉంది.

"వెర్లీన్ ఆ గిన్నె తెస్తుందని నేను అనుకోలేదే డెల్లా. నువ్వు దాని అడుగు చూశావా?"

"లేదు."

"మీ అమ్మమ్మా, అదీ నూలు మిల్లులో పక్కపక్క మరల మీద పనిచేశారు. ఇద్దరికీ అదొక్కటే గిన్నె. ఇవాళ మా ఆల్మా అక్క వండి తెచ్చిందంటే రేపు వెర్లీన్. పదకొండేళ్ళు అది ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరిగింది, ఒక్కరోజు ఖాళీగా పోలేదు. అడుగున మేకుతో ఇద్దరి పేర్లూ గీసుకున్నారు. మిల్లు మూసేశాక అక్క మిసిసిపీకి వచ్చేసిన రోజున వంతు వెర్లీన్‌ది. ఆ వంతు తీరకుండా గిన్నె దాని దగ్గరే ఉండిపోయింది." మళ్ళీ తనే అంది, "బస్సులో తొమ్మిది గంటలు ఒళ్ళో పెట్టుకుని తెచ్చిందట. రెండు బస్సులు మారి."

నేను రోడ్డు వైపే చూస్తూ నడిపాను. ఇప్పుడు చెప్పేయాలి అనుకున్నాను. పెట్రోలు బంకు దగ్గర చెబుదాం అనుకున్నాను. అక్కడ చిన్నమ్మమ్మ నాకు వేయించిన వేరుశనగలు కొనిపెట్టింది. చెప్పలేదు.

వెర్లీన్ ఇల్లు మిల్లు కట్టించిన పాత వరస ఇళ్ళలో చివరిది. ఆమె జాలీ తలుపు తీసి పట్టుకుని నిలబడింది. ఇస్త్రీ చేసిన గౌను వేసుకుంది. వంటింట్లోంచి పీచ్ పండ్ల వాసన వస్తోంది.

"ఒక్క ముక్క మిగల్లేదన్నావుగా తల్లీ, అందుకని మళ్ళీ చేశా," అంది. "నా గిన్నె మీ దగ్గరుందాయె, పక్కింటావిడ గాజు గిన్నె తెచ్చుకున్నా. అంచు సరిగా కాలలేదు, తిట్టుకోకు."

మా ఇద్దరికీ పళ్ళేల్లో వడ్డించి నా ముందున్న టవల్ మూట దగ్గరికి లాక్కుంది. ముడి విప్పింది. కొత్త గిన్నె తళతళా మెరిసింది. ఆమె దాన్ని కేకుతో సహా ఎత్తి, కిందినుంచి చెయ్యి పెట్టి అడుగంతా వేళ్ళతో తడిమింది. మళ్ళీ ఇంకోసారి తడిమింది.

"ఇది నాది కాదమ్మా. ఎవరిదో మారిపోయినట్టుంది."

"అంతమంది గిన్నెల్లో మారదూ మరి!" అంది చిన్నమ్మమ్మ. "నీది మా ఇంట్లోనే ఎక్కడో ఉంటుంది. వెళ్ళగానే వెతుకుతాం."

ఇద్దరూ నా వైపు చూశారు. ఔనంటే సరిపోయేది. అప్పుడు వెర్లీన్ ప్రతి ఆదివారం ఫోన్ చేసి గిన్నె దొరికిందా అని అడుగుతుంది. నేను ప్రతి ఆదివారం వెతుకుతున్నామని చెప్పాలి.

"వెతకొద్దు," అన్నాను. "నేనే పారేశాను."

చిన్నమ్మమ్మ చెంచా పళ్ళెంలో పెట్టేసింది.

"పాతగా ఉందని. ఆఫీసు అమ్మాయిలు చూస్తున్నారని."

వెర్లీన్ ఒక్క మాటే అడిగింది. "కాబ్లర్ అయిపోయాకా?"

"లేదండీ. దాంతో సహా."

ఆమె కుర్చీలోంచి లేచింది. కేకును ఒక పళ్ళెంలోకి బోర్లించి, మూత పెట్టింది. గిన్నెను కుళాయి కింద పెట్టి సబ్బుతో తోమింది. మూలమూలా గుడ్డతో తుడిచింది. చాలాసేపు తుడిచింది. నా ముందున్న కాబ్లర్ తినమని ఆమె అనలేదు, తీసేయనూ లేదు. తిన్నాను. అంచు బాగానే కాలింది.

మేం బయల్దేరుతుంటే ఆమె గడప దాకా వచ్చి గిన్నె నా చేతుల్లో పెట్టింది. అందులో ఏమీ లేదు.

"మంచి గిన్నె. నీది నీ దగ్గరే ఉండనీ," అంది మెల్లగా. తర్వాత చిన్నమ్మమ్మతో, "తోవలో జింకలు అడ్డం వస్తాయి ఒడెస్సా. పిల్లని నిదానంగా నడపమను," అంది.

చిన్నమ్మమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. 

అలబామాలోకి వచ్చాక రోడ్డు గతుకులు మొదలయ్యాయి. గతుకు వచ్చినప్పుడల్లా వెనక సీట్లో గిన్నె తలుపుకి కొట్టుకుని మోగుతోంది. చివరికి చిన్నమ్మమ్మ నిట్టూర్చి చెయ్యి వెనక్కి చాపింది.

"ఆ గోల వినలేకపోతున్నా. టవల్లో చుట్టేస్తానుండు."

"వద్దు చిన్నమ్మమ్మా," అన్నాను. "మోగనీ."

ఆమె నా ముఖం కేసి చూసి, చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఇంటికి ఇంకా మూడు గంటల దారి ఉంది.