పసుపు టోపీలు

వినోద పార్కు దాటితే పాత ఊరు మొదలవుతుంది. సరస్సు ఒడ్డున సన్నటి వీధులు, వాటి నిండా జనం. ఎవరైనా తప్పిపోతారేమోనని నాకు బయల్దేరకముందు నుంచే గుబులు. అందుకే నాతో సహా ఇంట్లో అందరికీ ఒకే పసుపు గుడ్డతో టోపీలు కుట్టాను.

"అమ్మా, మనం ఊరు చూడ్డానికి వెళ్తున్నామా, బ్యాండు వాయించడానికా?" అన్నాడు కొడుకు. అన్నాడే గానీ పెట్టుకున్నాడు. పార్కులో ఆ టోపీలను చూసుకుంటూ నిశ్చింతగా తిరిగాను.

పాత ఊళ్ళో గాజు బొమ్మల కొట్టు ముందు కాసేపు ఆగాను. తిరిగి చూస్తే ఒక్క పసుపు టోపీ కూడా లేదు. సరస్సు దాకా పరుగులాంటి నడకతో వెళ్ళి వెనక్కి వచ్చాను. చిన్నప్పుడు ఇలాగే జనంలో కనుమరుగైన మా తమ్ముడు మళ్ళీ దొరకలేదు. ఎదురొచ్చిన ప్రతి తలనూ చూశాను.

"అత్తయ్యా, ఇటు!" కోడలు పిలిచింది.

ఐస్‌క్రీం కొట్టు అరుగు మీద అందరూ కూర్చుని ఉన్నారు. ఎవరి తల మీదా టోపీ లేదు.

"ఉక్కగా ఉందని తీసేశాం," అన్నాడు కొడుకు. "నువ్వు ఇందాకటి నుంచీ కనిపిస్తూనే ఉన్నావు. హాయిగా తిరుగుతున్నావు కదా అని పిలవలేదు."

"బామ్మ తల బల్బులా వెలిగిపోతోంది!" అని మనవరాలు కిలకిలా నవ్వింది. నేనూ నవ్వాను.

కోడలు పక్కకి జరిగి చోటిచ్చింది. "ఊరంతా చూసినట్టున్నారు. బాగుందా అత్తయ్యా?"

"చాలా బాగుందమ్మా," అన్నాను.

తలలు తప్ప ఆ ఊళ్ళో నేనేమీ చూడలేదు.