దవడ అంచున తెగిన గొట్టాలు

నేను ఒక లాగుడు యంత్రాన్ని. ఏ వస్తువునైనా నా రెండు దవడల మధ్య బిగించండి, తెగేదాకా లాగి, ఎంత బలానికి తెగిందో అంకెల్లో చూపిస్తాను. కోయంబత్తూరులో తయారై, మొదట ఓ గోనెసంచుల మిల్లులో పురికొసలు తెంపాను. మిల్లు మూతపడ్డాక విశాఖపట్నంలో ఒక కాలేజీవాళ్లు పాత సామాను కింద కొనుక్కొచ్చి, రంగు వేసి, ఏసీ గదిలో కూర్చోబెట్టారు. అబ్బో, ఆ వైభోగానికి ఎంత మురిసిపోయానో!

అక్కడ నా దగ్గరికొచ్చిన పిల్ల తబిత. పరిశోధన చేస్తోంది. ఆమె తయారుచేసేది జ్యూసు తాగే స్ట్రాలో సగం లావుండే గొట్టం. ఒంటి వేడి తగిలితే మెత్తబడి, తెగిన నరం రెండు కొసల్నీ తనే చుట్టుకుంటుంది. దాని లోపల నరం మళ్లీ పెరగాలి. మనిషి చెయ్యి ముడిచి చాచినప్పుడల్లా గొట్టం సాగాలి, తెగకూడదు. ఆ పరీక్ష నాది.

ఇందులో ఆమె సొంత గొడవ ఒకటుంది. ఇంటర్ రోజుల్లో కిటికీ అద్దం పగిలి కుడి మణికట్టు తెగింది. చర్మం అతుక్కుంది, నరం అతుక్కోలేదు. వేళ్లు కదులుతాయి గానీ వాటికి స్పర్శ లేదు. కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు గదిలో ఎవరూ లేనప్పుడు ఆ వేళ్లను నా ఇనుముకేసి రుద్దుతూ, "నీకేమైనా తెలుస్తోందా? నాకేం తెలియట్లేదు" అంది. పాపం, నాతోనే చెప్పుకుంది.

కొంప మునిగింది కూడా ఆ వేళ్లతోనే. నా దవడల మర బిగించేది వాటితోనే కదా, ఎంత బిగిస్తోందో ఆమెకు తెలిసేది కాదు. పురికొసకైతే ఆ బిగింపు సరిపోయేది. మెత్తని గొట్టం నలిగి, లాగీ లాగగానే నా దవడ అంచునే పుటుక్కున తెగేది. ప్రతిసారీ అంతే. ఓసి పిచ్చిదానా, గొట్టం తప్పు కాదే, నీ బిగింపే ఎక్కువ అని అరవాలనిపించేది. నాకు దవడలు పెట్టినవాళ్లు మాట పెట్టలేదు.

ఆమె గైడు ఉమాపతి సార్ మంచివాడే. "ఇంత బలహీనమైన సరుకుని మనిషి ఒంట్లో ఎలా పెడతామమ్మా? ఆపేద్దాం" అన్నారు. దీనికోసం ఎదురుచూస్తున్న ఆసుపత్రివాళ్లు ఇంకెవరి సరుకో ఎంచుకున్నారు. అది అప్పుడే తెగిన నరాలకే పనికొస్తుంది, ఆమెలాంటి పాత గాయాలకు కాదు. తన చేతికి మళ్లీ స్పర్శ వస్తుందన్న ఆశ తబితకు అక్కడితో సరి.

గది సర్దుతుంటే డబ్బాలో ఒక్క గొట్టం మిగిలింది. కుడిచేతిలో ఫోను, అవతల వాళ్లమ్మ. మాట్లాడుతూనే, ఊసుపోక, ఎడమచేత్తో దాన్ని నాకు బిగించి మీట నొక్కింది. బతికున్న వేళ్లు ఎంత సుతారంగా బిగించాయో! గొట్టం సాగింది. ఇంకా సాగింది. నేను లాగగలిగినంత దూరం లాగి ఆగిపోయాను, అది తెగలేదు.

"మళ్లీ చేస్తానమ్మా" అని ఫోను పెట్టేసింది. ఎడమచేతిని చూసుకుంది. కుడిచేతిని చూసుకుంది. నేలమీద కూలబడి భోరుమంది.

ఏడుపు విని సార్ వచ్చారు. సంగతంతా విన్నారు. "ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నారు.

"చెబితే నన్నీ మిషను ముట్టుకోనిచ్చేవారా సార్?"

ఆయన నా దగ్గరికొచ్చి వంగి చూశారు. గొట్టం ఇంకా నా దవడల మధ్య సాగే ఉంది.