నలభై మంది డ్రైవర్లు

నఫ్తాలి తపాలా డబ్బాల మీది పేర్లను ఫొటో తీస్తున్నాడు. ఏ భవనానికైనా వెనకవైపు నుంచి వెళ్లడం, ముందు డబ్బాలను, తరువాత తలుపును ఫొటో తీయడం అతని పద్ధతి. ఇజ్రాయెల్, పాలస్తీనా వ్యవహారాల్లో పనిచేసే సంఘాలకు డబ్బు ఎవరిస్తున్నారు, దాంతో ఏం చేస్తున్నారు అని ఆరా తీసే కార్యాలయంలో అతను చిన్న ఉద్యోగి. బట్టతల, మోకాలి నొప్పి, సంచిలో ఉడికించిన గుడ్డు. పెళ్లి చేసుకోలేదు. పని ఉంటే తప్ప అతనికి ఎవరూ ఫోన్ చేయరు.

ఈరోజు చూడవలసింది సాసోన్ నడిపే సంఘాన్ని. జబ్బుపడిన పాలస్తీనా పిల్లలను సరిహద్దు గేటు దగ్గర ఎక్కించుకుని జెరూసలేం ఆసుపత్రికి చేరుస్తుంది. నలభై మంది డ్రైవర్లున్నారని చెప్పి విదేశీ విరాళం తీసుకుంటోంది. అది నిజమో కాదో సాయంత్రం నివేదికలో రాయాలి. కాదంటే విరాళం ఆగిపోతుంది.

సాసోన్‌ను అతను ఎన్నడూ చూడలేదు. మంగళవారాల్లో ఫోన్ చేసి ప్రశ్నలడిగేవాడు.

"వచ్చావా పోలీసోడా. ఈ వారం ఏ రాజు సొమ్ము తిన్నానంటావ్?" అనేవాడు ముసలాయన. "మా ఆవిడ మజాల్ వేయించిన వంకాయ తప్ప ఏం తినలేదురా నాయనా. ఇంతకీ నువ్వు తిన్నావా?"

తిన్నావా అని నఫ్తాలిని అడిగే గొంతు అదొక్కటే.

రెండో అంతస్తులో తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల మాటలు వినిపించాయి. సంఘం సమావేశం జరుగుతోందనుకున్నాడు. సమయానికే వచ్చానని కెమెరా ఎత్తి పట్టుకుని లోపలికి నడిచాడు.

ఎదురుగా అద్దానికి దుప్పటి కప్పి ఉంది. పొట్టి పీట మీద ఒక ముసలామె, చొక్కా మెడ దగ్గర చింపుకుని కూర్చుంది.

కెమెరా దించేశాడు. ముందు గుమ్మం నుంచి వచ్చి ఉంటే, గోడకంటించిన నల్ల అంచు చావు ప్రకటన కనిపించేది.

యూదుల చావింట్లో దుఃఖంలో ఉన్నవాళ్లు పలకరించేదాకా వచ్చినవాళ్లు నోరు విప్పకూడదు. ఇన్నాళ్లూ ప్రశ్నలడుగుతూ బతికిన నఫ్తాలి కుర్చీ అంచున మాట్లాడకుండా కూర్చున్నాడు.

మజాల్ కెమెరా వంక చూసింది. "మంగళవారం అబ్బాయివా?"

తలూపాడు.

"మొన్న మా ఆయన ఆసుపత్రి ముందు పిల్లల్ని దించాడు. కారులోనే వాలిపోయాడు. నలభై మంది ఏరని అడగడానికొచ్చావు కదూ. యుద్ధం మొదలయ్యాక ఒక్కొక్కరే మానేశారు. ఆఖరికి ఆయనొక్కడే తిప్పాడు. నీకు అబద్ధమే చెప్పాడు. రాసుకో."

అనుమానం నిజమైనప్పుడల్లా నఫ్తాలికి లోపల చిన్న సంతోషం కలిగేది. ఇప్పుడది కలగలేదు.

పీట పక్కన సాసోన్ ఫోన్ మోగింది. మజాల్ అరబ్బీలో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసింది.

"యారా వాళ్ల నాన్న. పిల్లనెత్తుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. దానికి ఈరోజు రక్తం శుభ్రం చేయించాలి. ఈయన పోయిన సంగతి వాళ్లకి తెలీదు. చెప్పడానికి నాకు నోరు రాలేదు."

దుఃఖదినాలు ఏడూ ముగిసేదాకా ఆమె గడప దాటకూడదు. వచ్చినవాళ్లలో ఎవరూ తలెత్తలేదు.

"నీకు కారు నడపడం వచ్చా?"

"సాయంత్రానికి నివేదిక ఇవ్వాలమ్మా," అన్నాడు నఫ్తాలి. ఆ మాట తన చెవికే ఎవరిదోలా వినిపించింది.

"ఇచ్చుకో. ఆయన కారు తెచ్చి కింద పెట్టారు. ముందు పిల్లని దించి రా."

తలుపు వెనక వేలాడుతున్న సాసోన్ కోటు జేబులో కారు తాళాలున్నాయి. వాటిని తీసుకుని, ఈసారి ముందు మెట్ల మీదుగా దిగి వెళ్లాడు.

కుర్చీలో కెమెరా ఉండిపోయింది, కప్పిన అద్దం వైపు కన్ను తెరుచుకుని.