తాళాలక్క నోట్లో మాట

ఆసుపత్రి వెనక లాండ్రీలో పొద్దున్న ఎనిమిదింటికి మొదట లేచే చప్పుడు యంత్రాలది కాదు, తాళాలక్క నడుముకున్న గుత్తిది. ఆ గలగల వినిపించగానే ఆడవాళ్ళు టీ గ్లాసులు కింద పెట్టి లేచేవాళ్ళు. ఆరబెట్టే గదిలోకి ఆరుగురు వెళ్ళాక ఆవిడ తలుపు లాగి, గొళ్ళెం పెట్టి, తాళం వేసేది. దుప్పట్లు మాయమవుతున్నాయని మేనేజరు పెట్టిన పద్ధతి అది. తడి దుప్పట్ల బండి వచ్చినప్పుడల్లా తాళం తియ్యాలి, మళ్ళీ వెయ్యాలి. పద్దెనిమిదేళ్ళుగా ఆవిడ చెయ్యి ఆ పని చేస్తూనే ఉంది. మనసుని అడిగిన పాపాన పోలేదు.

ఆ ఆరుగురిలో ఆవిడ కోడలు ఒకతె. ఇప్పుడు ఆ పిల్లకి ఐదో నెల.

శుక్రవారాలు పని అయ్యాక, మడతల బల్ల గోడకి జరిపి, నాటకాలు నేర్పడానికి బయటినుంచి వచ్చే టీచరమ్మ ఒక ఆట ఆడించేది. లాండ్రీలో జరిగిన సంగతే ఒకటి తీసుకుని వీళ్ళే ఆడాలి. చూసేవాళ్ళలో ఎవరికైనా "ఇలా కాదు, ఇంకోలా జరగాలి" అనిపిస్తే "ఆపు" అనాలి. లేచి వెళ్ళి, ఆ మనిషి చోట తను నిలబడి, తనైతే ఏమంటుందో అనాలి. అంతే ఆట.

అయితే భగవంతుడు ఎక్కడ కూర్చుని వింటాడో మనకేం తెలుసు. ఆ బల్ల పక్కన కూడా కూర్చున్నాడు కాబోలు. ఎవరి చోట నిలబడి మాట్లాడారో, ఆ మనిషి ఎదురుగా కూర్చుని చూస్తుంటే చాలు, ఆ మాట వెళ్ళి ఆ మనిషి నోట్లో చేరేది. మర్నాడు సమయం వచ్చినప్పుడు దానంతటదే బయటికొచ్చేది. ఇస్త్రీ వదిన చోట ఎవరో నిలబడి, "నీ చేతులకేమన్నా గోరింటాకు పెట్టుకున్నావా?" అన్నారు. మర్నాడు మొగుడు మంచం మీంచి టీ అడగ్గానే ఇస్త్రీ వదిన నోట అదే మాట వచ్చేసింది. ఆయన కాసేపు చేతులు చూసుకుని, లేచి టీ పెట్టాడట.

"పంచదార వెయ్యడం మర్చిపోయాడు, అయినా తాగేశాను" అని వదిన లాండ్రీ అంతా చెప్పింది. ఎవరూ నోళ్ళు వెళ్ళబెట్టలేదు. ఎక్కిళ్ళు వచ్చినట్టే అదీనూ.

మేనేజరు ఆటకి రాడు గనక ఆయన నోట్లో ఎవరూ ఏమీ పెట్టలేకపోయారు. తాళాలక్కా వచ్చేది కాదు. "నా నోట్లో నా మాటలే చాలు, మీ ఎంగిలి మాటలు నాకొద్దు" అనేది. అసలు సంగతి భయం. నోరు జారితే ఉద్యోగం పోతుంది. కొడుకు పనిలేక ఇంట్లో ఉన్నాడు. ఇల్లు గడిచేది అత్తాకోడళ్ళ చేతుల మీదే.

మంగళవారం కోడలు ఆరబెట్టే గదిలో కళ్ళు తిరిగి పడిపోయింది. లోపల్నుంచి తలుపు బాదారు. తాళాలక్క ఆ చివర నీళ్ళ కుళాయి దగ్గరుంది. పరిగెత్తుకొచ్చి తాళంచెవి వెతుక్కుంటే గుత్తిలో అన్నీ ఒక్కలాగే కనిపించాయి. తెరిచేసరికి పిల్ల పెదాలు తెల్లబడ్డాయి. దేవుడు చల్లగా చూశాడు, తల్లికీ కడుపులో బిడ్డకీ ఏమీ కాలేదు. ఆ రాత్రి తాళాలక్కకి అన్నం దిగలేదు.

శుక్రవారం ఆవిడే వచ్చి మూల కూర్చుంది. ఆ రోజు ఆట మంగళవారం సంగతే.

"అక్కా, నువ్వు లోపలున్న మనిషివి. ఆ గదిలోకి వెళ్ళి నిలబడు, చాలు" అంది టీచరమ్మ.

తాళాలక్క లేచింది. ఆరబెట్టే గది దాకా నడిచింది. మిగతావాళ్ళని లోపలికి పోనిచ్చింది. తలుపు లాగి, గొళ్ళెం పెట్టి, తాళం వేసి, బయట నిలబడింది.

అందరూ పకపకా నవ్వారు. "అక్కా, నువ్వుండాల్సింది లోపల" అంది ఇస్త్రీ వదిన కళ్ళు తుడుచుకుంటూ. తాళాలక్క తన చెయ్యి వంక చూసుకుంది, అదెవరిదో అన్నట్టు. అప్పుడు నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆవిడ తాళం తీసి, వచ్చి మళ్ళీ మూల కూర్చుంది.

"ఆపు" అంది చూసేవాళ్ళలోంచి కోడలు. "అత్తయ్య చోట నేను నిలబడతాను."

మేనేజరు వేషంలో టీచరమ్మ ముందుకొచ్చి, "ఊఁ, తాళం వెయ్యి" అంది. కోడలు నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది. ఒక్క ముక్క రాలేదు. అలా చాలాసేపు నిలబడి, తల దించుకుని వచ్చి కూర్చుంది.

"బంగారంలాంటి అవకాశం బూడిదలో పోశావు కదే" అని వదిన గొణిగింది. తాళాలక్కకి మాత్రం గుండెల మీంచి బరువు దిగింది. పిల్ల ఏమీ అనలేదు, ఇంక తన నోట్లో ఏం చేరుతుంది?

శనివారం ఎనిమిదింటికి మేనేజరు స్వయంగా కిందికొచ్చాడు. "ఈ తలుపు గురించి ఏదో గొడవట. నీకేమన్నా ఇబ్బందా? లేదు కదా? వేసెయ్ తాళం."

తాళాలక్క ఎప్పట్లాగే "అలాగే సార్" అనబోయింది. మాట లేదు. నాలుక కింద వెతికింది, గొంతులో వెతికింది. తడిగుడ్డతో పలక తుడిచినట్టుంది నోరు.

మేనేజరు ఆగాడు. ఆవిడ "అలాగే" అనకుండా ఆయన ఏనాడూ అక్కణ్ణించి కదిలి ఎరగడు. "నేను మాత్రం ఏం చెయ్యను? పైవాళ్ళు అడుగుతారు" అన్నాడు. ఆవిడ చూస్తూ ఉంది. "ఆ అమ్మాయి పడిపోయినందుకు నాకూ బాధే" అన్నాడు. "మాట్లాడవేం? వేస్తావా, గుత్తి ఇచ్చేస్తావా?"

జవాబివ్వాల్సింది ఇక చెయ్యే. అది నడుముకున్న గుత్తి విప్పి ఆయన చేతిలో పెట్టింది. ఆవిడ గదిలోకి నడిచింది.

మేనేజరు మొహం కందగడ్డలా అయింది. తలుపు లాగి తనే తాళం వేశాడు. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి ఆ చప్పుడు లోపల్నుంచి వింది తాళాలక్క.

పావుగంటకో బండి వస్తుంది. ఆయన తాళం తీశాడు, వేశాడు. మళ్ళీ తీశాడు, వేశాడు. తలుపు తీసినప్పుడల్లా లోపలి వేడి ఆయన మొహాన కొట్టింది. ఐదో బండికి చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. తలుపు బార్లా వదిలేసి, గుత్తి జేబులో వేసుకుని, మెట్లెక్కి వెళ్ళిపోయాడు. పోతూపోతూ వెనక్కి తిరిగి, "సోమవారం నుంచి నీ పని ఇక్కడే" అన్నాడు తాళాలక్కతో. జీతం తగ్గుతుందని వేరే చెప్పనక్కర్లేదు.

అత్తాకోడళ్ళు ఒక దుప్పటి చెరో చివర పట్టుకున్నారు. లాగి దులిపి, దగ్గరికి నడిచి, అంచులు కలిపారు.

"వెయ్యను సార్ అందామనే లేచాను అత్తయ్యా" అంది కోడలు మెల్లగా. "మీ చోట నిలబడ్డాక భయమేసింది. నోరు పెగల్లేదు. నావల్లే మీకిలా…"

తాళాలక్క నోరు తెరిచింది. ఈసారి మాట ఉంది.

"అక్కడ నిలబడితే ఎవరికైనా అంతేనమ్మా" అంది. "ఆ తలుపు వైపుకి జరుగు, గాలొస్తోంది."